ప్లానులో ఖాళీ చోటు

"ఒప్పుకున్నారు భారతీ! ఒక్క గీత మార్చకుండా ఒప్పుకున్నారు!"

కేక ముందొచ్చింది, ఆ వెనక సైకిలు బెల్లు వచ్చింది, మనిషి అన్నిటికన్నా వెనక వచ్చాడు. భారతీదేవి చేతిలో పప్పుగుత్తి చేతిలోనే ఉండగా వంటింట్లోంచి వసారాలోకి పరుగెత్తింది. మొగుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడమే ఆమెకింకా ఓ పండగ. పెళ్ళికి కట్టిన మామిడాకులు గుమ్మానికి ఎండిపోయి వేలాడుతూనే ఉన్నాయి మరి. అందులోనూ ఇవాళ అతని చంకలో పొడుగాటి రేకు గొట్టం ఉంది, మొహమంతా చెమట, ఆ చెమట కింద దాచుకున్నా దాగని నవ్వు.

భవానీప్రసాద్ జగ్గయ్యపేట పంచాయతీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఊరు ఎటు పెరగాలి, ఎక్కడ వీధులు వేయాలి, ఎక్కడ బడి కట్టాలి అని పదేళ్ళ కిందట ఒక ప్లాను గీశారు. పదేళ్ళకోసారి దాన్ని తిరగేసి, ఊళ్ళో వచ్చిన మార్పులు చూసుకుని మళ్ళీ గీయాలని రూలు. ఈ విడత గీసే పని అతని చేతికొచ్చింది. పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు కూడా అతని వేళ్ళకి నల్ల ఇంకు మరకలున్నాయి. తలంబ్రాలు పోస్తున్నప్పుడు భారతి చూసింది మొహం కాదు, ఆ మరకలే. ఇవాళ బందరు జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ప్లాను బాగుంది, ఊళ్ళో జనానికి చూపించి, వాళ్ళ అభ్యంతరాలు విని ఖాయం చేసి పంపండి అని.

"ఆదివారం సాయంత్రం ఆఫీసు ఆవరణలో మీటింగు. ఊరంతా వచ్చి చూస్తారు. కింద మూలన నా పేరుంటది, తెలుసా?"

"ఎంత పెద్దక్షరాలతో రాసుకున్నారేంటి?"

"చీమంత."

"అయితే నేను పంచదార పట్టుకొస్తా లెండి, చీమ కోసం."

మంచం మీద పక్కబట్ట తీసేసి ప్లాను పరిచారు. చుట్టుకుపోతున్న మూలల మీద ఇస్త్రీపెట్టె ఒకటి, అత్తగారి ఒత్తుల డబ్బా ఒకటి పెట్టారు. మూడో మూలన భారతి పప్పుగుత్తి పెట్టబోతే భవానీప్రసాద్ కెవ్వుమన్నాడు. దాని బదులు తన అరచెయ్యి పెట్టింది, నాలుగో మూలన అతను పెట్టాడు. ఇళ్ళన్నీ గులాబి రంగు. తోటలు ఆకుపచ్చ. ఊరి పక్కన పాలేరు నీలంగా వంపులు తిరిగి పోతోంది.

"ఇంత ఎండల్లో పాలేట్లో ఇన్ని నీళ్ళెక్కడివండీ?"

"ప్లాన్లో ఎప్పుడూ వానాకాలమే."

భారతి పకపకా నవ్వింది. "మన ఇల్లేదీ?"

అతను చూపించాడు. కందిగింజంత గులాబి ముక్క, దాని పక్కన ఆకుపచ్చ చుక్క.

"ఇదేంటి, రంగు ఒలికిందా?"

"నీ మల్లెపందిరి." గొంతు తగ్గించాడు. "బందరోళ్ళకి కనిపించలా."

ఆమెకి ఆ క్షణాన ఎవరైనా వచ్చి ఈ ఊరు నీకిచ్చేస్తాం తీసుకో అంటే ఎంత ఆనందమయ్యేదో అంత ఆనందమైంది. జిల్లా ఆఫీసు ముద్ర పడ్డ కాగితం మీద తన మల్లెపందిరి! ఖాళీగా ఉన్న రెండో చేతి వేలు ముక్త్యాల రోడ్డు మీదుగా నడిపించింది. మిల్లు దాటింది. అక్కడ ఓ పెద్ద ముక్క, గోధుమ రంగు, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు. "ఖాళీ స్థలం. లారీల స్టాండు, మిరప గోదాములకు."

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏవండీ, ఇది తుమ్మల బీడు కదూ?"

"ఊఁ."

"ఖాళీ స్థలమా?"

"తుమ్మచెట్లు తప్ప ఏముంది అక్కడ?"

"మీరు లోపలికెళ్ళి చూశారా?"

భవానీప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడికి నేనెట్టా వెళ్తా? రోడ్డు మీద నుంచే కొలిచా. ఇటువైపు కొలత, అటువైపు కొలత. లోపలేముందని పెద్దమనుషుల్ని అడిగితే ఏం లేదయ్యా, ఖాళీయే అన్నారు."

"వాళ్ళు వెళ్ళారా?"

"వాళ్ళు మాత్రం ఎట్టా వెళ్తారు?"

"మరి మీ అమ్మగారినడిగారా?"

"ఛ! అమ్మనెట్టా అడుగుతానే అట్టాంటివి!"

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. అత్తగారు రాఘవమ్మ వింటోందన్నమాట.

తుమ్మల బీడు సంగతి పేటలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఊళ్ళో పెరటిగది కట్టించుకున్న ఇళ్ళు చాలా తక్కువ. మగవాళ్ళకి పాలేటి ఒడ్డుంది. ఆడవాళ్ళకి తుమ్మల బీడు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి చెంబులు పట్టుకుని జట్లు జట్లుగా వెళ్ళొస్తారు. ఆ వేళకి ముక్త్యాల రోడ్డు మీద పోయే ఏ మగవాడైనా మొహం రెండో వైపు తిప్పుకుని, సైకిలుంటే బెల్లు కొడుతూ, లేకపోతే దగ్గుతూ పోవాలి. ఎవరూ నేర్పక్కర్లేదు, మీసం రాకముందే ప్రతివాడికీ వచ్చేస్తుంది ఆ మర్యాద. అట్లా తరతరాలుగా మొహం తిప్పుకున్న మగవాళ్ళే ఇప్పుడు ప్లాను గీశారు. చూడని చోట ఏమీ లేదని రాశారు.

నందిగామలో భారతి పుట్టింటి పెరట్లో నాలుగు గోడల గది ఉండేది. గుంటూరు కాలేజీ హాస్టల్లోనైతే వరసగా గదులు, తలుపులకి గడియలు. ఇక్కడికి కాపరానికొచ్చిన మర్నాడు అత్తగారు చేతికి చెంబిచ్చినప్పుడు ఆమెకి ఏడుపొచ్చిన మాట నిజం. కానీ ఆ బీటి దగ్గరే ఆమెకి పేట పరిచయమైంది. కొత్తపెళ్ళికూతురని ఏడిపించిందీ, ఏ కొట్లో చీరలు బాగుంటాయో చెప్పిందీ, అత్తగారికి కోపమొస్తే ఏ కూర వండాలో నేర్పిందీ అక్కడి ఆడవాళ్ళే.

ఆ సాయంత్రం బీటి అంచున రాళ్ళ మీద అందరూ చేరాక భారతి ప్లాను సంగతి చెప్పింది.

"లారీల స్టాండా!" అంది జైబున్నీసా. ఎదురింటి ఆవిడ. ఆమె భర్త జాన్‌బాషా నందిగామ మీదుగా బెజవాడ పోయే బస్సు నడుపుతాడు. "నన్నడగండి, నేను డ్రైవరు పెళ్ళాన్ని. లారీ ఆగిన చోట టీ కొట్టు పుడతది. టీ కొట్టు పుట్టిన చోట పదిమంది మగాళ్ళు పుడతారు. ఇంక రాత్రనక పగలనక రేడియో మోగుతానే ఉంటది."

"మరి మనం?"

"మనమా? చెంబు పట్టుకుని లారీ కింద దూరటమే."

నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పక్కనే కూర్చున్న ముసలి బసవమ్మ గొంతు విప్పింది. "నా చిన్నప్పుడు మనం రోడ్డుకి ఇవతలే వచ్చేవాళ్ళం. రోడ్డేశారు, అవతలికి పోయాం. పదేళ్ళ కిందట ప్లానేసి మిల్లు కట్టారు, మిల్లు దాటి ఇటొచ్చాం. వాళ్ళు గీత గీసినప్పుడల్లా మనం చెంబు తీసుకుని అవతలికి జరగాలి. ఇంక అవతలంటే పాలేరే."

భారతికి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం మల్లెపందిరి చూసినప్పుడు ఎంత ఆనందమైందో ఇప్పుడు అంత కోపం. ఆమె దేన్నీ కొంచెంగా అనుభవించే మనిషి కాదు.

"ఈసారి జరగద్దు," అంది. "అభ్యంతరాలుంటే చెప్పమన్నారుగా. చెబుదాం."

"ఎక్కడ?" అంది రాఘవమ్మ, అప్పటిదాకా నోరు విప్పనిది.

"మీటింగులో అత్తయ్యా."

"నోర్ముయ్యవే! ఇంట్లోనే పైకి అనని మాట, పంచాయతీ ఆఫీసులో అంటావా? ఊళ్ళో మగాళ్ళంతా కూర్చునే చోట? నా కొడుకు ఉద్యోగం చేసే చోట? మన పరువేం గాను?"

"అంటే పరువు పోద్ది, అనకపోతే జాగా పోద్ది పిన్నీ," అంది జైబున్నీసా. "జాగా పోయాక పరువు మాత్రం ఎక్కడ దాక్కుంటది? మొన్నటి వానల్లో నేను జారిపడితే లేపింది మీరేగా. ఆ లారీల మధ్య పడితే లేపేదెవరు?"

రాఘవమ్మ చెంబు తీసుకుని ఇంటి దారి పట్టింది. మర్నాడు పొద్దున భారతి మజ్జిగ చిలుకుతుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"మీటింగుకి రమ్మంటే ఏ కొంపలోంచి ఆడది కదులుద్దే?"

"ఎవరూ కదలరనేగా అత్తయ్యా నా దిగులు."

"చదివిన చదువంతా ఏమైంది మరి?" రాఘవమ్మ కొంగుచాటు నుంచి కుంకుమభరిణె తీసి పీట పక్కన పెట్టింది. "బొట్టు పెట్టి పిలువు. బొట్టు పెట్టి పిలిచిన పేరంటానికి పోవద్దని ఏ మొగుడూ అనడు. అరిష్టమని వాడే తోలతాడు."

భారతి కవ్వం వదిలేసి అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసేసింది. మజ్జిగ చేతులతోనే.

"ఛీ, లే! చీర! నేను నీతో వస్తున్నాననుకుంటున్నావేమో, రావట్లా. నువ్వు ఏ ఇంట్లో ఏం వాగుతావోనని వెనక కాపలా వస్తన్నా, అంతే."

భవానీప్రసాద్‌కి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. "ప్రెసిడెంటు గారికి ఆ లారీ స్టాండు మీదే ప్రాణం భారతీ."

"నాకు మీ ప్లాను మీద ప్రాణం. మీరు గీసిన దాంట్లో తప్పుండకూడదు. అందుకేగా ఈ తిప్పలు. ఇంకో ముద్ద తినండి."

ఆదివారం దాకా పేటలో భారతి ఎక్కని గడప లేదు. పట్టుచీర కట్టుకుని భరిణె పట్టుకుని ఆమె ముందు, చీరకొంగు భుజాల నిండా కప్పుకుని రాఘవమ్మ వెనక. సాయిబుల వీధికి జైబున్నీసా యాలక్కాయలు పట్టుకుని వెళ్ళింది, ఆ వీధిలో పిలుపంటే యాలక్కాయ చేతిలో పెట్టడమే.

"ఏం పేరంటమమ్మా?" అని అరుగుల మీది మగవాళ్ళు అడిగితే భారతి తొణక్కుండా, "ఆదివారం సాయంత్రమండి, ముత్తైదువులంతా తప్పకుండా రావాలి" అనేది. లోపలికెళ్ళాక వంటింట్లో అసలు సంగతి చెప్పేది. కొంతమంది బుగ్గలు నొక్కుకున్నారు. కొంతమంది వీపు మీద ఒకటేశారు. ఒక అత్తా కోడలూ తెల్లారినప్పటి నుంచీ పోట్లాడుకుంటున్నవాళ్ళు ఈ మాట వినగానే పోట్లాట ఆపి, ఏ చీర కట్టుకోవాలో మాట్లాడుకున్నారు.

బసవమ్మ ఇంటి దగ్గరికొచ్చేసరికి భారతి గుమ్మంలోనే ఆగింది. బసవమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. భరిణె చూసి ఆవిడ తలుపు వెనక్కి తప్పుకుంది. భారతి అత్తగారి వంక చూసింది.

తలుపు వెనక నుంచి బసవమ్మే అంది. "నాకు బొట్టెందుకే పిల్లా. బొట్టు లేదని ఆ బీటికి పోవటం మానానా? మాటన్నావు, చాలు. ముందు వరసలో నాకు చోటుంచు, చెవుడు."

అన్నిటికన్నా కష్టమైన గడప ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారిది. రాఘవమ్మ వద్దని కొంగు పట్టి లాగింది. భారతి ఎక్కింది. వీరరాఘవయ్య గారి భార్య రత్తమ్మ గారు ఆడవాళ్ళ తరఫున పంచాయతీ మెంబరు కూడా. ఆవిడ బొట్టు పెట్టించుకుని, సంగతంతా విని, చాలాసేపు వక్కపలుకు నములుతూ కూర్చుంది.

"మీటింగుకి నన్ను పిలిచిన మొదటిదానివి నువ్వేనే అమ్మాయ్," అంది చివరికి. "సంతకం కావాలంటే పుస్తకం ఇంటికే వస్తది, నేనెక్కడికీ పోవక్కర్లేదు."

వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

బయటికొచ్చాక జైబున్నీసా ఎదురైంది. "ఒక సంగతి చెబుతా విను. అక్కడికెళ్ళాక నువ్వు నోరు తెరుస్తావ్, నాకు నమ్మకమే. మేమంతా నోళ్ళు కుట్టుకుని కూర్చుంటాం, అది కూడా నాకు తెలుసు. అందుకని తలా ఒక చెంబు తెచ్చుకుందాం. మేం మాట్టాడకపోయినా అది మాట్టాడుద్ది."

ఆదివారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు వసారా గోడకి ప్లాను వేలాడుతోంది. మగవాళ్ళు గుంపులుగా నిలబడి తమ ఇళ్ళు వెతుక్కుంటున్నారు. ఒకాయన తన ఇంటి ముందు వీధి సన్నగా గీశారని, ఇంకొకాయన తన పొలానికి దారి చూపించలేదని అభ్యంతరం చెప్పారు. వీరరాఘవయ్య గారు అన్నీ రాయించారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఊళ్ళో వీధిదీపాలు పెట్టించింది ఆయనే. కాకపోతే తనకి తోచిందే ఊరికి తోచిందని ఆయనకో గట్టి నమ్మకం.

"ఇంకెవరికీ అభ్యంతరాల్లేవుగా?" అని ఆయన కుర్చీలోంచి లేవబోతుండగా గేటు కిర్రుమంది.

ముందు భారతి, ఆ పక్కన రాఘవమ్మ, జైబున్నీసా, వాళ్ళ వెనక పేట ఆడవాళ్ళు. తలలో పూలు, ఒంటిమీద పేరంటం చీరలు, బురఖాలు, చేతుల్లో చెంబులు. ఇత్తడివి, కంచువి, సత్తువి. మగవాళ్ళు దారి ఇచ్చారు. వాళ్ళొచ్చి ముందు నేల మీద వరసలు కట్టి కూర్చున్నారు. ఎవరి చెంబు వాళ్ళ ముందు ఠంగుమని పెట్టుకున్నారు. ఆ ఠంగుఠంగులు కాసేపు ఆగలేదు.

"ఏంటమ్మా ఇదంతా?" వీరరాఘవయ్య గారు నవ్వుతూనే అన్నారు. "మంచినీళ్ళ సంగతేనా? ట్యాంకు పెట్టాంగా ప్లాన్లో."

ఆడవాళ్ళలో కిసుక్కున ఒక నవ్వు లేచింది. వెనక బెంచీ మీద ఒకాయనకి సంగతి అర్థమైంది. తల దించుకున్నాడు. ఆయన్ని చూసి పక్కాయన దించుకున్నాడు. ఆ దించుకోవడం బెంచీల మీదుగా పాకుతూ వచ్చి వీరరాఘవయ్య గారి దాకా వచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

భారతి లేచి నిలబడింది. కాలేజీలో వక్తృత్వపు పోటీలో కప్పు తెచ్చుకున్న మనిషే. కానీ అక్కడ వెనకాల అత్తగారు కూర్చుని లేదు, ఎదురుగా మొగుడు ప్లాను పక్కన చేతులు కట్టుకుని లేడు. బసవమ్మ కిందనుంచి ఆమె కాలి మీద గిల్లింది.

"నీళ్ళ సంగతి కాదండి బాబాయిగారూ. తుమ్మల బీడు ఖాళీ స్థలమని ప్లాన్లో రాశారు. అది ఖాళీ కాదండి. ఈ ఊళ్ళో ఆడవాళ్ళంతా రోజుకి రెండు పూటలా వెళ్ళే చోటు. మాకు ఇంకో చోటు లేదు."

"చదువుకున్న పిల్లవి," అన్నారు వీరరాఘవయ్య గారు. "ఇది నలుగురిలో అనే మాటా అమ్మా?"

"నలుగురిలో అనే మాట కాదనేగా అండి ఇన్నేళ్ళూ ఎవరూ అనలా. అనలేదు కాబట్టి ప్లాన్లోకి ఎక్కలా."

"సరేనమ్మా. ఆడాళ్ళు ఇంకో వైపు చూసుకోవచ్చుగా. ఊరు చుట్టూ బోలెడు బీళ్ళు."

"ఏ బీడు చూపించినా పదేళ్ళకి దాని మీదా గీత గీస్తారుగా బాబూ!" బసవమ్మ చెవిటివాళ్ళ గొంతుతో అరిచింది. "ఇంక నేను జరగలేను. మోకాళ్ళు నొప్పులు."

ఈసారి మగవాళ్ళలో కూడా ఎవరో నవ్వారు. వీరరాఘవయ్య గారికి కోపమొచ్చింది. "లారీలు రోడ్డు మీద ఆగి బస్సులకి దారి ఉండటం లేదు. స్టాండుకి సర్కారు డబ్బిస్తానంది, జాగా చూపించమంది. ఊరు బాగుపడటం మీకిష్టం లేదా?"

"ఊళ్ళో మేం లేమా అండి?" అంది భారతి. "బాగుపడాలనే వచ్చాం. ఆ బీడు చుట్టూ గోడ కట్టించండి. లోపల గదులు కట్టించండి. నీళ్ళ కుళాయి పెట్టించండి. ఆ పక్కన ఆడవాళ్ళది అని రాయించండి, బందరోళ్ళకి కూడా కనపడేట్టు. ప్లాను తిరగేసినప్పుడల్లా ముందు మా వంటిళ్ళల్లోకి వచ్చి అడగండి. అడిగితే మేం చెప్పమా?"

"లారీ చిల్లకల్లు దగ్గరైనా ఆగుద్ది, నందిగామలోనైనా ఆగుద్ది సార్," కుట్టుకున్నానన్న నోరు జైబున్నీసా విప్పేసింది. "మేం ఎక్కడాగాలి?"

వీరరాఘవయ్య గారు ప్లాను వైపు తిరిగారు. "ఏమయ్యా ప్రసాదూ, ఖాళీ స్థలమని రాసింది నువ్వే కదా? ఖాళీయా, కాదా? చెప్పు వీళ్ళకి."

భవానీప్రసాద్ ఒక్కసారి భారతి వంక చూశాడు. భారతి చూపు తిప్పుకోలేదు. అతను ఏమన్నా సరే రాత్రికి తను అన్నం పెడుతుంది, కానీ ఎట్లా పెడుతుందో తనకే తెలియదు.

"రాసింది నేనేనండి. లోపలికెళ్ళి చూడకుండా రాశా," అన్నాడు.

"ఎందుకు చూడలేదయ్యా?"

"మీరైతే వెళ్తారా అండి?"

ఆవరణంతా గొల్లుమంది. అతను జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. తను ముత్యాల్లా రాసుకున్న 'ఖాళీ స్థలం' అన్న అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టేశాడు. భారతికి పరుగెత్తి వెళ్ళి ఆ ఇంకు మరకల చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఊరంతా చూస్తోందని ఆగింది. ఊరంతా చూస్తోందనే ఇంకా ఎక్కువ పట్టుకోవాలనిపించింది.

"గీత కొట్టేస్తే అయిపోద్దా?" వీరరాఘవయ్య గారు లేచారు. "మెంబర్లు ఒప్పుకోవాలి. ఏ మెంబరు చెప్పాడు?"

"నేను చెబుతన్నా."

గేటు దగ్గర రత్తమ్మ గారు నిలబడి ఉంది. చేతిలో చెంబు లేదు, నుదుట భారతి పెట్టిన బొట్టుంది.

"నేను మెంబర్ని. ఇంతకాలం సంతకాలు ఇంట్లో పెట్టా, అభ్యంతరం ఇక్కడ పెడతన్నా. రాయించండి." నడిచి వచ్చి బసవమ్మ పక్కన నేల మీద కూర్చుంది. "మన దొడ్లో గది కట్టించి ఎన్నాళ్ళయిందండీ? అంతకు ముందు నేనెక్కడికి వెళ్ళాననుకున్నారు?"

వీరరాఘవయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. గుమస్తా మాత్రం రాసుకున్నాడు, రత్తమ్మ గారు చూస్తూ ఉంటే రాయకుండా ఉండడం ఎవరి తరం?

కానీ వీరరాఘవయ్య గారు అంత తేలిగ్గా ఓడిపోతే పేటకి ప్రెసిడెంటు అయ్యేవారు కాదు. తేరుకున్నారు. మళ్ళీ చిన్న నవ్వు వచ్చింది.

"రాసుకున్నామమ్మా. అయితే కొలత లేకుండా ప్లాన్లోకి ఏదీ ఎక్కదు. ఎంత జాగా, గోడ ఎక్కడ, గదులెక్కడ, కుళాయి ఎక్కడ, అన్నీ లోపలికెళ్ళి కొలవాలి. ఎల్లుండి కాగితాలు బందరు పోవాలి. ఆ బీట్లోకి వెళ్ళి కొలిచే మగాడెవరో మీరే చెప్పండి. మీ ఆచారం మీకు తెలుసుగా?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిజమే. ఏ మగవాడు వెళ్తాడు? వెళ్ళనిచ్చేదెవరు?

"కొలవటానికి మగాడే కావాలని రూల్లో లేదండి," అన్నాడు భవానీప్రసాద్ నెమ్మదిగా. "కొలత గొలుసు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టుకోవాలి. బిగువుగా లాగాలి. అంతే."

"అంతేనా?" అంది రాఘవమ్మ, చెంబు పక్కకి జరిపి లేచి. "ఇంత లావు రోకళ్ళెత్తే చేతులు, గొలుసు లాగలేవా? రేపు ఇంట్లో వంట లేదు. మగాళ్ళు చద్దన్నం తినండి."

భారతి అత్తగారి వంక చూసింది, మొగుడి వంక చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. అందరి వైపూ తిరిగి గొంతెత్తింది.

"రేపు ఎండెక్కక ముందే తుమ్మల బీటికి వచ్చేయండి. పట్టుచీరలొద్దు, ముళ్ళున్నాయి. గొలుసు ఒక కొస నేను పట్టుకుంటా, ఒక కొస జైబున్నీసక్క పట్టుకుంటది. బసవమ్మగారు నిలబడి ఏ చెట్టు దగ్గర గోడ రావాలో చెబుతారు. మా ఆయన రోడ్డు మీద బల్ల వేసుకుని, అటు తిరిగి కూర్చుని, మేం కేకేసిన కొలత కేకేసినట్టు రాసుకుంటారు. ప్రెసిడెంటు గారూ, మీరు కూడా రండి. మా ఆయన పక్కన కుర్చీ వేయిస్తాం. కాకపోతే మీరూ అటే తిరిగి కూర్చోవాలి."